సీలమ్మ కథకు ఊఁ కొట్టినవాళ్ళు

మా పక్కింటి పెద్దావిడ కథ చెబుతూ చెబుతూ మధ్యలో టక్కున ఆపేసి, "నీకేమైనా పనుందా? ఉంటే వెళ్ళు, నేనేమీ అనుకోను," అంది. నేను బిత్తరపోయాను. నాకు ఏ పనీ లేదు. శనివారం సాయంత్రం, బయట మంచు, చేతిలో వేడి టీ, ఎదురుగా కథ చెప్పే మనిషి. కెనడాలో, మా కిచెనర్ ఊళ్ళో నవంబరు నెలలో ఇంతకన్నా ఎవరికైనా ఏం కావాలి? అదే మాట చెప్పాను. అయినా ఆవిడ మొహం విప్పారలేదు. నా చేతిలో కప్పు అందుకుని, అందులో ఇంకా సగం టీ ఉండగానే సింకులో పెట్టేసింది. మర్యాదగా గెంటేయడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుని ఏడుద్దామంటే, ఆయన లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా, "నువ్వేదో అనుంటావు," అన్నారు. ఎప్పుడూ అంతే. నాకు ప్రపంచంలో ఎవరితో పేచీ వచ్చినా ఆయన అవతలివాళ్ళ తరఫు వకీలు.

"నేనేమీ అన్లేదండీ. నోరు మూసుకుని, బుద్ధిగా ఊఁ కొడుతూ కూర్చున్నా," అన్నాను.

ఆవిడ గురించి ముందు చెప్పాలి. మేము ఈ ఇల్లు కొనుక్కుని వచ్చిన మొదటి చలికాలంలో, ఇంటి ముందు మంచు ఎత్తుతుంటే వచ్చి నిలబడి, నేను పార పట్టుకునే తీరు చూస్తే తన నడుము నొప్పెడుతోందని చెప్పిన మనిషి ఆవిడ. రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపింది. డ్రైవరు సీట్లోంచి అరిస్తే వెనక సీటులో అల్లరి చేసే పిల్లాడి దాకా వెళ్ళే గొంతు ఆవిడది. ఆ గొంతుతోనే మామూలు మాటలు కూడా మాట్లాడేది. పుట్టింది కేప్ బ్రెటన్‌లో. కెనడాకి తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రంలో ఉండే దీవి అది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు, ఆ అమ్మాయి వాంకూవర్‌లో ఉద్యోగం.

మా స్నేహానికి కారణం టీ. ఈ దేశంలో టీ అంటే వేణ్ణీళ్ళలో ఒక సంచి ముంచి తీసి, దానికి ఏమీ తెలియకుండానే బయట పారేయడం. ఈవిడ మాత్రం గిన్నె పొయ్యి మీద పెట్టి, ఆకు వేసి, నల్లగా మరిగేదాకా వదిలేది. వాళ్ళ దీవిలో అందరూ అంతేనట. ఆ వాసన కంచె దాటి వచ్చిన రోజున నేనే పిలవకుండా వెళ్ళిపోయాను.

ఆ టీల మధ్యే ఒకసారి తాను కెల్టిక్ మనిషినని చెప్పింది. కెల్టిక్ అంటే అప్పటిదాకా నాకు తెలిసిందల్లా, మార్చిలో ఒకరోజు మా ఆఫీసులో జనమంతా ఆకుపచ్చ చొక్కాలు వేసుకొచ్చి ఆకుపచ్చ కేకు తినడం. అదే మాట అంటే ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసింది. యూరప్‌లో ఒకప్పుడు ఎక్కడ చూసినా వీళ్ళేనట. తర్వాత వచ్చినవాళ్ళు పడమటికి నెట్టుకుంటూ పోతే ఐర్లండు, స్కాట్లండు, వేల్స్, ఫ్రాన్సు అంచున ఒక ముక్క, అక్కడ మిగిలారట.

"ఇంకా అవతలికి నెడితే సముద్రమే," అంది. "అందుకే మా కథల్లో సగం నీళ్ళు."

స్కాట్లండు నుంచి ఆవిడ పూర్వీకులు ఓడలెక్కి కేప్ బ్రెటన్ వచ్చారు. వాళ్ళ భాష గేలిక్. ఆవిడ అమ్మమ్మకి ఇంగ్లీషు అంటే పడేది కాదట. చలికాలం సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళు ఎవరో ఒకరింట్లో చేరి, పాటలు, కబుర్లు, కథలు పెట్టుకునేవాళ్ళు. దాన్ని కేయిలీ అంటారు. కథలకి ఒక నియమం ఉంది. అక్టోబరు ఆఖరుతో వెలుగు సగం అయిపోయి ఏడాదిలో చీకటి సగం మొదలవుతుంది. ఆ చీకటి సగంలోనే, పొద్దు గూకాకే కథ చెప్పాలి. ఎండ ఉండగా చెబితే వినేది మనుషులు కాదని భయం.

ఈ భయం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా మేనత్త కూడా పగలు కథ అడిగితే, "ఊరెళ్ళినవాళ్ళు దారి తప్పుతారే, దీపాలు పెట్టాక రా," అనేది. అయితే కిచెనర్‌లో నవంబరు వస్తే అయిదింటికే దీపాలు పెట్టాలి కాబట్టి మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది. అలా ఒక శనివారం మొదటి కథకి కూర్చున్నాను. సగంలో గెంటించుకున్నాను.

నాకు కోపం వస్తే దాచుకోవడం చేతకాదు. నాలుగు రోజులు మొహం చాటేసి, ఇక ఉండబట్టలేక వెళ్ళి తలుపు కొట్టాను.

"ఆ రోజు నన్నెందుకు వెళ్ళగొట్టారు?" అని నిలబెట్టి అడిగాను.

"నేనా? నువ్వే కదా తొందరపెట్టావు," అందావిడ. "ఒక్క వాక్యం చెప్పగానే ఊఁ. ఇంకో వాక్యం చెప్పగానే ఊఁ. తెలుసులే, త్వరగా కానీ అన్నట్టు. నా బస్సులో పిల్లలు కూడా నాతో అలా మాట్లాడలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలికెళ్ళి కూర్చుని విడమరిచి చెప్పాను. మా వైపు కథ వింటే ఊఁ కొట్టాలి. అది వినేవాళ్ళ డ్యూటీ. మా మేనత్త చింతపండులో గింజలు తీస్తూ కథ చెప్పేది. మేము ఊఁ కొట్టడం ఆగిందంటే ఆవిడా ఆగేది. రాజకుమారుడు గుర్రం మీద ఒక కాలు వేసి ఉన్నా సరే, అతన్ని అక్కడే వదిలేసి, "గోడకి చెబుతున్నానా?" అని చింతపండు తీసుకుని లేచిపోయేది. ఊఁ లేకపోతే వినేవాళ్ళు నిద్రపోయారని లెక్క.

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మమ్మ చెబుతుంటే కూడా ముసలాళ్ళు మధ్యలో ఏవో అంటుండేవాళ్ళు. మంచిది, అయ్యో, అలా. ఇటు వచ్చాకే చూశాను, అందరూ పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు నోరు మెదపకుండా వింటారు," అంది. మళ్ళీ టీ పెట్టింది. "సరే, కొట్టు," అంది.

ఆ చలికాలం నాకు పండగ. జ్ఞానం వచ్చే చేప కథ విన్నాను. ఒక ముసలి కవి ఆ చేప కోసం ఏళ్ళ తరబడి నది ఒడ్డున కాపు వేసి పట్టి, కాల్చమని శిష్యుడికి ఇస్తాడు. రుచి చూడొద్దని మరీ మరీ చెబుతాడు. శిష్యుడు చూడలేదు పాపం. కాలే చేప మీద బొబ్బ లేస్తే బొటనవేలితో నొక్కాడు, చుర్రుమంటే వేలు నోట్లో పెట్టుకున్నాడు. జ్ఞానమంతా అక్కడే, వంటవాడికే దక్కింది. వండుతూ రుచి చూడొద్దని మన ఇళ్ళల్లో ఎందుకంటారో నాకు అప్పుడర్థమైంది. గోదావరి పులస కోసం మావాళ్ళు పడే పాట్లు చెబితే, ఆ చేప తిన్నవాళ్ళకి జ్ఞానం వస్తుందా అని ఆవిడ అడిగింది. "మళ్ళీ ఏడాది ఇంకో పులస కావాలని మాత్రం తెలుస్తుంది," అన్నాను.

మట్టి దిబ్బల కింద నివసించే వాళ్ళ కథలు విన్నాను. ఒకప్పుడు దేవతల్లా బతికి, యుద్ధంలో ఓడి, భూమి పైభాగం మనుషులకి వదిలేసి కింది భాగం తీసుకున్న జాతి అది. వాళ్ళని పేరు పెట్టి పిలవకూడదట, మంచివాళ్ళు అనాలట. మేము కూడా చీకటి పడితే పాముని పాము అనం, పురుగు అంటామని చెబితే ఆవిడ టేబుల్ మీద చరిచి సంతోషించింది. వీరులందరికీ తలో ఒట్టు ఉండేదని కూడా చెప్పింది. ఒక మహావీరుడికి రెండు: కుక్క మాంసం ముట్టకూడదు, దారిలో ఎవరైనా భోజనానికి పిలిస్తే కాదనకూడదు. శత్రువులు ఏం వండి, దారిలో కూర్చుని పిలిచారో చెప్పక్కర్లేదు. ఎన్ని ఒట్లు ఉంటే అన్ని కన్నాలు.

ఇంటికి వచ్చి ఈ కథలు చెబితే మా ఆయనది ఒకటే పాట. ఎంతమంది తిన్నా తరగని కొప్పెర గురించి చెబితే, "అక్షయపాత్ర. మన దగ్గర్నుంచే వెళ్ళింది," అంటారు. హంసలుగా మారిన పిల్లల గురించి చెబితే, "శాపం కాన్సెప్ట్ మనదే," అంటారు.

"అన్నీ మన దగ్గర్నుంచే వెళ్తే, మన దగ్గర ఏం మిగిలిందండీ?" అని అడిగాను ఒకసారి. ఆ వాదన రెండు రోజులు నడిచింది.

ఈలోగా పెద్దావిడ నా ఊఁకి బాగా అలవాటు పడిపోయింది. టీ గుటక వేస్తూ ఒక ఊఁ తప్పిపోతే కనుబొమ్మ ఎత్తి చూసేది. నేను ఊఁ అన్నాకే కథలో మనిషి రెండో అడుగు వేసేవాడు. నాకు భలే గర్వంగా ఉండేది.

రెండో చలికాలంలో తేడా కనిపించింది. పాత చేప కథ ఇంకోసారి చెప్పిన వారానికే, కొత్త కథ అంటూ మళ్ళీ చేప కథే మొదలుపెట్టింది. నేను ఊఁ కొట్టాను. ఇంకో రోజు పొయ్యి మీద టీ గిన్నె మాడి, ఇల్లంతా పొగ. ఆవిడ హాల్లో కూర్చుని ఆ పొగ ఎక్కడిదా అని నన్ను అడిగింది. నాకు భయమేసి కూతురికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి వచ్చింది, డాక్టర్లకి చూపించింది. ఏప్రిల్‌లో అమ్మని వాంకూవర్ తీసుకెళ్ళిపోవడానికి నిర్ణయమైంది. మంచి అమ్మాయే, మాట మాత్రం కత్తిరించినట్టు ఉంటుంది.

అప్పుడే లైబ్రరీ వ్యవహారం వచ్చిపడింది. మా పేటలోని లైబ్రరీవాళ్ళు మార్చిలో కెల్టిక్ కథల సాయంత్రం పెట్టి, పెద్దావిడని ఒక కథ చెప్పమని అడిగారు. ఆవిడ ఒప్పేసుకుంది. కూతురు వద్దంటే వద్దంది.

"మధ్యలో మర్చిపోతే ఏంటి పరిస్థితి?" అంది నాతో, వాళ్ళమ్మ గదిలో లేనప్పుడు. "అమ్మ బస్సెక్కిన పిల్లలే ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని తీసుకుని వస్తారు. వాళ్ళందరి ముందూ అమ్మ నోట మాట రాక నిలబడితే నేను చూడలేను."

అందులో తప్పేముంది? నేనైనా అదే అనేదాన్ని. కానీ పెద్దావిడ వినలేదు. "మా అమ్మమ్మ కథ ఒకటుంది. దాన్ని నేను ఎప్పుడూ నాలుగు గోడల మధ్యే చెప్పాను. ఒక్కసారి, నలుగురి ముందూ, చివరిదాకా చెప్పాలి. ఆ తర్వాత నన్ను ఎక్కడికి తీసుకెళ్ళినా వస్తాను. మధ్యలో ఆగిపోయానంటే నువ్వే వచ్చి చెయ్యి పట్టుకుని దింపెయ్," అంది కూతురితో. ఆ ఒప్పందం మీద అమ్మాయి సరేనంది.

ఆ కథ సీలు ఆడదాని కథ. చేపలా ఈదుతూ, కుక్కలాంటి మొహంతో రాళ్ళ మీద ఎండ కాచుకునే సీలు ఉంటుందే, అది కొన్ని రాత్రులు తోలు విప్పేసి ఆడమనిషై ఒడ్డున ఆడుకుంటుందట. మా ఇంట్లో ఆమె పేరు సీలమ్మ అయిపోయింది. దేవకన్యలు స్నానానికి దిగితే గట్టు మీద చీర దాచేసిన మొగవాళ్ళ కథలు మనకి కొత్త కాదు కదా. ఇక్కడా ఒక జాలరి ఆ తోలు ఎత్తుకుపోయి దాచేశాడు. తోలు లేకపోతే సముద్రంలోకి పోలేదు. చేసేది లేక అతన్ని పెళ్ళాడి, పిల్లల్ని కంది. ఆ ఫిబ్రవరి అంతా మా పని ప్రాక్టీసే. ఆవిడ చెప్పడం, నేను ఊఁ కొట్టడం. ఒక్కసారి కూడా ఆగలేదు. గట్టెక్కాం అనుకున్నాను.

లైబ్రరీ హాలు నిండిపోయింది. కూతురు మొదటి వరసలో, నేనూ మా ఆయనా రెండో వరసలో. పెద్దావిడ మైకు పక్కకి జరిపేసింది. ఆ గొంతుకి మైకెందుకు? మొదలుపెట్టిందంటే హాలు కిక్కురుమనలేదు. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా వినపడకుండా, ఎంత మర్యాదగా వినాలో అంత మర్యాదగా విన్నారు. నేనూ అందరిలాగే కూర్చున్నాను. పరాయివాళ్ళ సభలో నా గొంతు వినిపించడమెందుకని సిగ్గు.

ఒక్కో వాక్యం అయ్యాక ఆవిడ కాస్త ఆగుతోంది. ఆగి ఆగి మళ్ళీ అందుకుంటోంది. సీలమ్మ వంట చేసింది, వల కుట్టింది, రోజూ సముద్రం వైపు ఉన్న కిటికీ దగ్గర నిలబడింది. ఒకరోజు చిన్నకూతురు అటక ఎక్కి, వాసాల మధ్య దాచిన తోలు చూసింది. కిందికి తెచ్చి, అమ్మా, ఇదేంటి ఇంత మెత్తగా ఉంది అని అడిగింది. తల్లి ఆ తోలు చేతిలోకి తీసుకుంది.

అక్కడ ఆగిపోయింది.

మొదట అందరూ అది కథలో భాగమే అనుకున్నారు. తర్వాత ఎవరో దగ్గారు. కుర్చీ ఒకటి కిర్రుమంది. పెద్దావిడ చేతులు తోలు పట్టుకున్నట్టే గాల్లో ఉన్నాయి. కళ్ళు మాత్రం హాలంతా వెతుకుతున్నాయి. ఒప్పందం ప్రకారం కూతురు కుర్చీలోంచి సగం లేచింది. అంతా అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు మా ఆయన మోచేత్తో నన్ను పొడిచారు. "ఊఁ కొట్టవేం?" అన్నారు, నా చెవిలో.

ఈయనకి తట్టింది నాకు తట్టలేదే అని కోపం, అంత కంగారులోనూ. రెండు చలికాలాల పాటు ఊఁ లేనిదే అడుగు పడకుండా చేసింది నేను. ఇప్పుడు మర్యాద పేరుతో నోరు కుట్టేసుకుని కూర్చున్నదీ నేనే. నోరు తెరిచాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఊఁ."

తలలన్నీ నా వైపు తిరిగాయి. పెద్దావిడ కూడా తిరిగింది. నన్ను చూసింది. గాల్లో ఉన్న చేతుల్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, తోలు వాసన చూసింది.

"ఉప్పు వాసన," అంది. "అన్నాళ్ళూ మర్చిపోయాననుకున్న వాసన."

"ఊఁ," అన్నాను.

ఇక ఆవిడని ఎవరు ఆపగలరు? సగంలో ఆపి హాలు వైపు వేలు చూపించి, "మా పక్కింటమ్మాయి వాళ్ళ పద్ధతి ఇది. వింటున్నామని చెప్పాలి, లేకపోతే కథ కదలదు. వెనక సీటు, నీకే చెప్పేది," అంది, బస్సు గొంతుతో. వెనక ఎవరో నడివయసు మనిషి చిన్నపిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. తర్వాత వాక్యానికి హాలంతా ఊఁ అంది. సీలమ్మ పిల్లల్ని ముద్దు పెట్టుకుంది, ఊఁ. ఒడ్డుకి నడిచింది, ఊఁ. తోలు కప్పుకుని నీళ్ళలోకి పోయింది, ఊఁ. కానీ ఆ పిల్లలు ఒడ్డుకి వచ్చినప్పుడల్లా రాతి మీద తాజా చేపలు ఉండేవి. అలల్లో ఒక తల పైకి లేచి, వాళ్ళు ఇల్లు చేరేదాకా చూసేది. కథ అయిపోయింది. కూతురు మాత్రం ఒక్క ఊఁ కూడా అనలేదు. ఏడుస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం కారు దగ్గరికి నడుస్తూ ఆవిడని అడిగాను. "నిజం చెప్పండి. ఊఁ కోసం ఆగారా, మర్చిపోయారా?"

"మర్చిపోయాను," అంది ఆవిడ, దాచకుండా. "ఎంతవరకూ చెప్పానో కూడా మర్చిపోయాను. నువ్వు ఊఁ అన్నావు. అంటే అంతవరకూ చెప్పేశానన్నమాట. ఇక ముందుకు పోతే చాలు కదా."

ఏప్రిల్‌లో వెళ్ళిపోయింది. టీ గిన్నె నాకిచ్చింది, అడుగు మాడిన ఆ గిన్నే. పక్కింట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, సంచి ముంచిన టీ తాగుతారు. పెద్దావిడ ఫోన్లు మొదట్లో వారం వారం వచ్చేవి, తర్వాత తగ్గాయి. ఒకసారి నన్ను ఎవరని అడిగింది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

మళ్ళీ నవంబరు వచ్చింది. ఒక శనివారం, మా భోజనాలు అయ్యేసరికి కూతురు ఫోన్ చేసింది. వాంకూవర్‌లో అప్పుడే చీకటి పడిందట.

"అమ్మ ఇప్పుడు కథ చెప్పలేకపోతోంది. మొదలుపెడితే చివర దొరకట్లేదు," అంది. గొంతులో కత్తిరింపు లేదు. "ఇవాళ నేను చెబుదామనుకుంటున్నా. స్పీకర్‌లో పెడతాను. ఎక్కడైనా తప్పితే మీరు చెప్పండి. నేను సరిగా విన్నది ఆ రోజు హాల్లో ఒక్కసారే."

చెప్పింది. కొంచెం తడబడింది, కొన్నిచోట్ల జాలరి ముందు రావాల్సింది తర్వాత వచ్చాడు. నేను దిద్దలేదు. చిన్నకూతురు అటక ఎక్కింది, తోలు కిందికి తెచ్చింది. అమ్మా, ఇదేంటి ఇంత మెత్తగా ఉంది అని అడిగింది. తల్లి ఆ తోలు చేతిలోకి తీసుకుంది. అక్కడికొచ్చేసరికి ఆ అమ్మాయి ఆగిపోయింది.

నేను ఊఁ కొడదామని నోరు తెరిచాను. నాకన్నా ముందే, ఫోను అవతలి నుంచి, వెనక సీటు దాకా వినపడే ఆ గొంతు "ఊఁ" అంది.